నికాహ్, ఉమ్మడి ఆస్తి, కిరాయినామా: సంతకం ఎవరిది?

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు రాసుకునే కాగితాన్ని సాధారణంగా ఎవరూ పెద్ద విషయంగా భావించరు. స్టాంపు కాగితంపై రెండు పేజీలు టైపు చేయిస్తారు. యజమాని చోట ఒకరు, కిరాయిదారు చోట ఒకరు సంతకం పెడతారు. ఇద్దరు సాక్షులు వేలు పెడితే పని ముగుస్తుంది. ముస్లిం కుటుంబాలలో ఈ రెండు సంతకాలూ తరచుగా మగవారివే అయి ఉంటాయి. ఇల్లు భార్యకు ఆమె తండ్రి నుండి సంక్రమించినదైనా సంతకం భర్తది. ఇల్లు నలుగురు వారసులకు చెందినదైనా సంతకం పెద్ద కుమారునిది. అద్దె ఇంట్లో పగలూ రాత్రీ ఉండేది భార్యాబిడ్డలైనా కాగితంపై పేరు భర్త ఒక్కనిదే.

కాపురం సవ్యంగా సాగినంతకాలం ఈ పద్ధతి వల్ల బాధ కనిపించదు. భర్త మరణించినప్పుడో, తలాఖ్ జరిగినప్పుడో, అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు వచ్చినప్పుడో ఆ కాగితం బయటికి వస్తుంది. వసూలైన అద్దె ఎవరిది? ఆ ఒడంబడిక అసలు చెల్లుతుందా? ఇంట్లో ఉన్న స్త్రీ అక్కడ ఉండుటకు హక్కు కలదా? ఈ ప్రశ్నలకు షరీఅత్‌లోనూ, దేశంలో అమలులో ఉన్న చట్టంలోనూ సమాధానాలు ఉన్నాయి. రెండింటి దృష్టీ ఒక విషయంలో కలుస్తుంది. నికాహ్ భర్తపై భార్యకు నివాసం కల్పించే బాధ్యతను మోపుతుందే తప్ప, ఆమె ఆస్తిపై సంతకం చేసే అధికారాన్ని అతనికి ఇవ్వదు.

నికాహ్ వల్ల ఆస్తి కలిసిపోదు

పురుషులు సంపాదించినదానిలో పురుషులకూ, స్త్రీలు సంపాదించినదానిలో స్త్రీలకూ భాగం ఉన్నదని దివ్యఖుర్ఆన్ నిసా సూరా 32వ ఆయత్ స్పష్టం చేస్తున్నది. అదే సూరా 4వ ఆయత్ మహర్‌ను స్త్రీకి చెల్లించమని ఆదేశిస్తున్నది. 7వ ఆయత్ తల్లిదండ్రులూ బంధువులూ విడిచిపోయిన ఆస్తిలో, అది కొద్దిదైనా ఎక్కువైనా, స్త్రీలకు నిర్ణీత భాగం ఉన్నదని ప్రకటిస్తున్నది. పెళ్ళి జరిగినంత మాత్రాన ఈ భాగాలు భర్త చేతికి మారతాయని ఎక్కడా చెప్పబడలేదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) ఉదంతం హదీసు గ్రంథాలలో ప్రసిద్ధమైనది. ఆమె తన సొమ్ములో నుండి భర్తకూ, తన పోషణలో ఉన్న అనాథలకూ దానం చేయవచ్చునా అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)ను అడిగించగా, అలా చేస్తే రెండింతల పుణ్యం లభిస్తుందని ఆయన తెలియజేశారు. ఇందులో ఒక న్యాయసూత్రం ఇమిడి ఉన్నది. ఎవరూ తమ సొమ్మును తమకే దానం చేసుకోలేరు. భార్య సొమ్ము భర్తకు దానం కాగలిగిందంటే ఆ సొమ్ము వేరు, అతని సొమ్ము వేరు అన్నమాట.

హనఫీ, షాఫిఈ ఫిఖహ్ ప్రకారం యుక్తవయస్సూ వివేకమూ గల స్త్రీ తన ఆస్తిని అమ్ముటకు గాని, అద్దెకిచ్చుటకు గాని భర్త అనుమతి అవసరం లేదు. మాలికీ పండితులు భార్య తన ఆస్తిలో మూడవ వంతుకు మించి దానం చేయదలచినప్పుడు భర్త సమ్మతి కావాలన్నారు. ఆ షరతు కూడా ఉచితంగా ఇచ్చే దానాలకే గాని, ప్రతిఫలం తీసుకునే అమ్మకానికీ అద్దెకూ కాదు.

ఈ విషయం చరిత్రలో ఎంత ముఖ్యమైనదో గ్రహించుటకు ఇంగ్లండు చట్టాన్ని చూడవచ్చు. అక్కడి పాత కామన్ లా ప్రకారం పెళ్ళైన స్త్రీ భూమిపై వచ్చే కౌలూ అద్దే భర్త వసూలు చేసుకునేవాడు. ఆ స్థితిని పూర్తిగా మార్చిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1882లో వచ్చింది. భారతదేశంలో నేటికీ అద్దె ఒడంబడికలకు ఆధారమైన ఆస్తి బదిలీ చట్టం కూడా అదే సంవత్సరం వచ్చినది.

ఏ విషయంలో ఏ చట్టం?

కొందరు ముస్లింల విషయాలన్నీ షరీఅత్ చట్టం కిందికే వస్తాయని భావిస్తారు. 1937 నాటి ముస్లిం పర్సనల్ లా (షరీఅత్) అన్వయ చట్టం నికాహ్, తలాఖ్, మహర్, భరణం, వారసత్వం, హిబా, వక్ఫ్ వంటి విషయాలకు వర్తిస్తుంది. అద్దె ఒడంబడిక ఆ జాబితాలో లేదు. దానికి వర్తించేవి 1872 నాటి ఒప్పందాల చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం.

కనుక ఒకే కిరాయినామాలో రెండు ప్రశ్నలు ఉంటాయి. ఇల్లు ఎవరిది, అందులో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నకు ముస్లిం కుటుంబంలో షరీఅత్ సమాధానం చెబుతుంది. ఆ ఇంటిపై రాసిన కాగితం ఎలా ఉండాలి, ఎవరిని కట్టివేస్తుంది అన్న ప్రశ్నకు దేశ చట్టం సమాధానం చెబుతుంది. కోర్టులో ఫలితం రెండింటిపైనా ఆధారపడుతుంది.

భార్య ఇంటిపై భర్త సంతకం

ఉర్దూ ఫత్వాలలో భర్తకు జైద్ అనీ, భార్యకు హిందా అనీ కల్పిత నామాలు పెట్టడం ఆనవాయితీ. హిందాకు తండ్రి ఆస్తి నుండి ఒక ఇల్లు వచ్చిందనుకుందాం. జైద్ దానిని నెలకు 8,000 రూపాయలకు 11 నెలల కాలానికి అద్దెకిచ్చి, యజమాని చోట తన పేరు రాసి సంతకం చేశాడు. హిందాను అడగలేదు.

ఫిఖహ్‌లో అద్దె ఒడంబడికను ఇజారా అంటారు. వస్తువును కాక దాని ప్రయోజనాన్ని నిర్ణీత కాలానికి, నిర్ణీత ప్రతిఫలానికి విక్రయించడమే ఇజారా. తనది కాని దానిని, యజమాని అనుమతి లేకుండా ఒడంబడిక చేసే వానిని ఫుజూలీ అంటారు. షాఫిఈల ప్రబలమైన అభిప్రాయం ప్రకారం అట్టి ఒడంబడిక మొదటి నుండే చెల్లదు. హనఫీల దృష్టిలో అది మౌఖూఫ్, అనగా యజమాని ఆమోదంపై ఆగి ఉంటుంది. హిందా ఆమోదిస్తే చెల్లుతుంది, తిరస్కరిస్తే రద్దవుతుంది. ఉస్మానియా ప్రభుత్వం 1869 నుండి 1876 వరకు సంకలనం చేయించిన మజల్లా కూడా ఈ నియమాన్నే స్వీకరించింది.

అయితే ఆమోదానికి సమయం కలదు. అద్దె కాలం మొదలు కాకముందే హిందా ఒప్పుకుంటే అద్దె ఆమెకు చెందుతుంది. కాలం పూర్తిగా గడిచి, కిరాయిదారు ఇంటిని అనుభవించిన పిమ్మట ఆమె ఒప్పుకున్నా ఆ ఆమోదానికి విలువ ఉండదనీ, అప్పటికి వచ్చిన అద్దె ఒడంబడిక చేసిన వానికే పోతుందనీ హనఫీ గ్రంథాలు పేర్కొంటాయి. అలా వచ్చిన సొమ్ము అతనికి శుద్ధమైనది కాదు, దానిని సదఖా చేయాలని ఇమాం అబూ హనీఫా అన్నారు. ఆస్తులపై ఇతరుల దురాక్రమణ పెరుగుట గమనించి, అనాథల ఆస్తి, వక్ఫ్ ఆస్తి, అద్దెకిచ్చేందుకే ఉంచిన ఆస్తి విషయంలో తగిన అద్దె యజమానికి చెల్లించవలసిందేనని తర్వాతి హనఫీ పండితులు తీర్పు చెప్పారు.

దేశ చట్టంలో యజమాని స్థానం ఇంతకంటే బలంగా ఉన్నది. ఆస్తి బదిలీ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఆస్తిపై హక్కు గలవాడు, లేదా దానిని బదిలీ చేయుటకు అధికారం పొందినవాడు మాత్రమే బదిలీ చేయగలడు. భర్త అయినందువల్ల ఆ అధికారం రాదు. ఒప్పందాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా తన పేర జరిగిన పనిని యజమాని తర్వాత ఆమోదించవచ్చు, లేదా తిరస్కరించవచ్చు. ఆమె పక్షాన వసూలు చేసిన ప్రతి రూపాయికీ భర్త లెక్క చెప్పవలసినవాడే.

మరి హిందా మౌనంగా ఉంటే? మౌనంగా ఉన్నవారికి మాట ఆపాదించరాదనేది ఫిఖహ్ సూత్రం. మాట్లాడవలసిన అవసరం ఉన్నచోట మౌనం కూడా మాటే అవుతుందని అదే సూత్రం రెండవ భాగం. ఆస్తి బదిలీ చట్టం 41వ సెక్షన్‌లో దీనికి పోలిక కలదు. అసలు యజమాని స్పష్టమైన లేదా గర్భితమైన సమ్మతితో ఇంకొకరు యజమానిగా చెలామణి అవుతుండగా, తగిన జాగ్రత్తతో విచారించి, సద్భావంతో ప్రతిఫలం ఇచ్చి ఆ ఆస్తిపై హక్కు పొందిన మూడవ వ్యక్తిని తర్వాత తొలగించడం కష్టం. సంవత్సరాల తరబడి భర్తే యజమానిగా రసీదులిస్తూ, పన్ను కడుతూ, బేరం చేస్తూ ఉంటే, భార్య నోరు మెదపకపోవడం ఆమెకే వ్యతిరేకంగా నిలబడవచ్చు. కిరాయిదారు విషయం కూడా గమనించదగినదే. తనను ఇంట్లోకి దింపిన వ్యక్తికి యజమానిత్వం లేదని కిరాయిదారు ఇంట్లో ఉంటూ వాదించుటకు సాక్ష్యచట్టం అనుమతించదు. ఫలితంగా అతడు అద్దె ఇస్తూ పోయేది జైద్‌కే.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. ఇల్లు హిందాది కనుక యజమాని చోట ఆమె పేరే ఉండాలి. ఆమె బయటికి రాలేకపోతే, లేదా వ్యవహారం భర్తే చూడాలని కోరుకుంటే, అతనిని వకీలుగా నియమించుకోవచ్చు. వకాలత్ షరీఅత్ సమ్మతమైనది. అప్పుడు సంతకం, “యజమానురాలు హిందా తరఫున, ఆమె ముఖ్తార్ జైద్” అని ఉంటుంది. నోటిమాటతో ఇచ్చిన అధికారం చెల్లదని కాదు. తగవు వచ్చిననాడు నోటిమాటకు రుజువు దొరకదు. రిజిస్ట్రారు వద్ద దస్తావేజు సమర్పించవలసి వస్తే ముఖ్తార్‌నామా కూడా రిజిస్ట్రేషన్ చట్టం కోరిన రీతిలో ధ్రువీకరింపబడి ఉండాలి.

పంచుకోని వారసత్వపు ఇల్లు

రెండవ సందర్భం ఇంకా సాధారణమైనది. ఒక వ్యక్తి భార్యనూ, ఇద్దరు కుమారులనూ, ఒక కుమార్తెనూ విడిచి మరణించాడు. అతని తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. అప్పులూ, వసియ్యత్ తీర్చగా ఒక ఇల్లు మిగిలింది. పిల్లలు ఉన్నందున భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలినది కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు చొప్పున పోతుంది. ఇంటిని 40 భాగాలుగా లెక్కిస్తే తల్లికి 5, ఒక్కొక్క కుమారునికి 14, కుమార్తెకు 7. ఇంటి అద్దె నెలకు 20,000 రూపాయలైతే తల్లికి 2,500, కుమారులకు 7,000 చొప్పున, కుమార్తెకు 3,500 చెందాలి.

పెద్ద కుమారుడు ఒక్కడే సంతకం చేసి అద్దెకిచ్చి, చెల్లెలు అత్తవారింట ఉన్నదిగదా అని ఆమె భాగాన్ని మరచిపోతే, ఆమెకు నెలకు 3,500 చొప్పున సంవత్సరానికి 42,000 రూపాయలు అందకుండా పోతాయి. పెళ్ళిలో ఇచ్చిన సామానుతో ఆమె వాటా తీరిపోయిందన్న వాదానికి షరీఅత్‌లో స్థానం లేదు. తండ్రి బ్రతికి ఉండగా ఇచ్చినది కానుక; మరణం తర్వాత వచ్చేది అల్లాహ్ నిర్ణయించిన భాగం.

పంచుకోని వాటాను ఫిఖహ్‌లో ముషా అంటారు. సహవాటాదారులలో ఒకరు తన ముషా వాటాను బయటివానికి అద్దెకివ్వడం ఇమాం అబూ హనీఫా దృష్టిలో సరికాదు, సహవాటాదారునికే అయితే సరిపోతుంది. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్, అలాగే ఇమాం మాలిక్, ఇమాం షాఫిఈ దానిని అనుమతించారు. వాటాదారులందరూ కలిసి ఒకేసారి మూడవ వ్యక్తికి ఇవ్వడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. మజల్లా 429, 431 ప్రకరణాలు ఈ నియమాలనే నమోదు చేశాయి. భిన్నాభిప్రాయాలకు తావులేని మార్గం అందరూ కలిసి సంతకం చేయడమే.

భార్యాభర్తలు కలిసి కొన్న ఇంటికీ ఇదే నియమం. ధరలో భర్త రెండు పాళ్ళు, భార్య ఒక పాలు పెట్టి, ఆ విధంగానే దస్తావేజు రాయించుకుంటే వారు ఆ ఇంట్లో సహవాటాదారులు. దాంపత్యం వేరు, భాగస్వామ్యం వేరు. అద్దె కూడా అదే నిష్పత్తిలో చెందుతుంది.

సుప్రీంకోర్టు 1976లో శ్రీరామ్ పస్రీచా కేసులోనూ, 1977లో కాంతా గోయల్ కేసులోనూ సహయజమాని ఒక్కడే కిరాయిదారుపై ఖాళీ చేయించే దావా వేయవచ్చునని తీర్పు చెప్పింది. ఇతర వాటాదారులు అభ్యంతరం చెప్పనంతవరకే ఈ సౌకర్యం ఉపయోగపడుతుంది. దావా వేసే హక్కు ఉన్నందున మిగిలినవారి అద్దెను తీసుకునే హక్కు వచ్చిందని అర్థం కాదు.

వారసులలో మైనరు పిల్లలు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. హనఫీ ఫిఖహ్ ప్రకారం మైనరు ఆస్తికి సంరక్షకులు తండ్రి, అతడు నియమించిన వసీ, తర్వాత తాత, అతని వసీ. తల్లికి గాని అన్నకు గాని ఆ అధికారం స్వతఃసిద్ధంగా లేదు. ప్రీవీ కౌన్సిల్ 1918లో ఇమాంబందీ కేసులో ఇదే నిర్ణయించింది. కోర్టు నియమించిన సంరక్షకుడు సైతం 1890 నాటి చట్టం 29వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతి లేనిదే ఐదు సంవత్సరాలకు మించి గాని, మైనరు యుక్తవయస్కుడైన తర్వాత ఒక సంవత్సరానికి మించి గాని లీజు ఇవ్వరాదు.

అద్దె ఇల్లు: కాగితంపై పేరు లేని భార్య

ఇంతవరకు ఇల్లు ఇచ్చేవారి సంగతి. ఇల్లు తీసుకునేవారి పక్షాన వేరొక సమస్య కలదు. భార్యకు నివాసం కల్పించడం భర్త బాధ్యత. తలాఖ్ పొంది ఇద్దత్‌లో ఉన్న స్త్రీని సైతం తమ స్తోమతు కొద్దీ తాము నివసించే చోటనే ఉంచాలని, ఇరుకున పెట్టేందుకు బాధించరాదని తలాఖ్ సూరా 6వ ఆయత్ ఆదేశిస్తున్నది. కనుక ఇద్దత్ ముగియకుండానే భర్త ఇంటి యజమాని వద్దకు వెళ్ళి కిరాయినామా రద్దు చేసుకోవడం కాగితం మీద తన హక్కే అయినా, అల్లాహ్ ఆజ్ఞకు విరుద్ధం.

భర్త మరణిస్తే ఏమగును? కిరాయిదారు మరణంతో ఇజారా ముగుస్తుందని హనఫీలు, వారసులకు కొనసాగుతుందని ఇతర మూడు మజ్‌హబ్‌ల వారు అన్నారు. వితంతువు నాలుగు నెలల పది దినాలు ఇద్దత్‌ను తాను నివసిస్తున్న ఇంట్లోనే గడపవలసి ఉన్నది. అద్దె భరించలేని స్థితిలో మారుటకు ఫుఖహా అనుమతించారు. ఆ దుఃఖకాలంలో ఇంటి యజమాని వచ్చి “మీతో నాకు ఒడంబడిక లేదు” అంటే ఆమె గతేమి? దేశ చట్టంలో కిరాయిదారు మరణించినంత మాత్రాన లీజు సాధారణంగా ముగియదు. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ఇళ్ళ అద్దె నియంత్రణ చట్టం, మరణించిన కిరాయిదారుతో కలిసి అదే ఇంట్లో నివసించిన భార్యను లేక భర్తను, కుమారుని, కుమార్తెను కిరాయిదారు నిర్వచనంలోనే చేర్చింది. అయితే అద్దె నియంత్రణ చట్టాల వర్తింపు రాష్ట్రాన్ని బట్టి, అద్దె మొత్తాన్ని బట్టి మారుతుంది. అన్ని ఇళ్ళకూ ఆ రక్షణ ఉన్నదని నమ్మి ఊరుకోరాదు.

భర్త విడిచిపెట్టిన భార్య స్థితిని సుప్రీంకోర్టు 2005లో అచలా ఆనంద్ కేసులో పరిశీలించింది. కిరాయిదారైన భర్త ఇల్లు వదిలి వెళ్ళి దావాను పట్టించుకోనప్పుడు, ఆ ఇంట్లో ఉన్న భార్య అద్దె చెల్లిస్తూ తానే దావాను ఎదుర్కొనవచ్చునని కోర్టు పేర్కొన్నది. అయితే భర్తకు లేని హక్కు ఆమెకు రాదు, విడాకుల తర్వాత ఆ హక్కు సాధారణంగా నిలువదు అని కూడా చెప్పింది. గృహహింస నుండి స్త్రీల రక్షణ చట్టం 2005లో ఆమోదం పొంది 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. అది అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఇల్లు సొంతదైనా అద్దెదైనా, కాగితంపై భార్య పేరు ఉన్నా లేకున్నా, కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కును 17వ సెక్షన్ ఆమెకు ఇస్తున్నది. అవసరమైతే అదే స్థాయి గల వేరొక నివాసం చూపించమని, లేదా దాని అద్దె చెల్లించమని మెజిస్ట్రేటు 19వ సెక్షన్ కింద ఆదేశించగలడు.

ఇన్ని రక్షణలు ఉన్నా అవన్నీ కోర్టు గుమ్మం ఎక్కిన తర్వాతనే పనిచేస్తాయి. కిరాయినామాలో మొదటే ఆమె పేరు ఉంటే ఆ గుమ్మం ఎక్కవలసిన పని చాలావరకు తప్పుతుంది.

రెండు పేర్లలోని లాభం, భారం

అయితే భార్య పేరు చేర్చడంలో లాభం ఒక్కటే కాదు, భారం కూడా ఉన్నదని మరువరాదు. ఒప్పందాల చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి ఒక మాట ఇస్తే, వేరే షరతు లేనప్పుడు, వారిలో ఏ ఒక్కరి నుండైనా మొత్తం వసూలు చేసుకునే హక్కు అవతలివానికి కలదు. భర్త ఆరు నెలల అద్దె బాకీపడి వెళ్ళిపోతే యజమాని ఆ బాకీ అంతా భార్యను అడగగలడు. ఫిఖహ్‌లోనైతే ఇద్దరూ పరస్పరం జామీను ఉంటే తప్ప ఎవరి భాగానికి వారే బాధ్యులు.

ఇంకొక చిక్కు. నివాసం భర్త బాధ్యత అయినందున, భార్య తన జీతంలో నుండి అద్దె కడితే అది అతనికి చేసిన ఉపకారమా, అప్పా? ముందుగా అప్పు అని చెప్పుకోకపోతే దానిని ఉపకారంగానే ఎంచుతారు, తిరిగి అడగలేదు. అప్పు అయితే రాసుకోవాలని బఖరా సూరా 282వ ఆయత్ బోధిస్తున్నది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయుటకు విసుగు చెందవద్దని కూడా ఆ ఆయత్ హెచ్చరిస్తున్నది. ప్రేమగల దంపతుల మధ్య లెక్కలెందుకని కొందరు అనవచ్చు. రాసుకున్న లెక్క ప్రేమను తగ్గించదు. రాయని లెక్క మాత్రం ప్రేమ తగ్గిననాడు పగగా మారుతుంది.

అందువల్ల కిరాయినామాలో ఇద్దరి పేర్లూ ఉంచి, అద్దె చెల్లించే బాధ్యత భర్తదేనని, భర్త లేనప్పుడు అదే షరతులపై కొనసాగే హక్కు భార్యకు ఉన్నదని ఒక వాక్యం చేర్చడం ఉత్తమం. యజమాని అంగీకరిస్తే చట్టం దీనికి అడ్డు చెప్పదు.

కాలపరిమితి, రిజిస్ట్రేషను

పదకొండు నెలలకే కాగితం రాయడం ఎందుకో చాలామందికి తెలియదు. ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఒక సంవత్సరానికి మించిన లీజు, ఏటేటా సాగే లీజు, సంవత్సరపు అద్దె నిర్ణయించిన లీజు రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలి. ఆ దస్తావేజుపై ఇచ్చేవారు, తీసుకునేవారు ఉభయులూ సంతకం చేయాలి. మూడేళ్ళకు రాసుకుని రిజిస్టరు చేయించకపోతే ఆ మూడేళ్ళ షరతు కోర్టులో నిలబడదు. ఇల్లు అప్పగించి అద్దె తీసుకుంటూ ఉంటే దానిని నెలవారీ అద్దెగా పరిగణిస్తారు, 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఫిఖహ్ సైతం ఇజారాలో కాలమూ అద్దే స్పష్టంగా తెలిసి ఉండాలని కోరుతుంది. తెలియనితనమే తగవుకు మూలమన్నది అందుకు కారణం.

పెళ్ళితోనే ఆస్తి ఉమ్మడి అయ్యే చోట్లు

వివాహంతో ఆస్తి కలిసిపోయే చట్టాలు కూడా లోకంలో ఉన్నాయి. భారతదేశంలోనే గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ నుండి వచ్చిన కుటుంబ చట్టం అక్కడి ముస్లింలకు కూడా వర్తిస్తుంది. పెళ్ళికి ముందు వేరే ఒడంబడిక రాసుకోకపోతే దంపతుల ఆస్తి ఉమ్మడి అవుతుంది. 1937 నాటి షరీఅత్ చట్టాన్ని గోవాకు విస్తరించలేదు.

అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సస్ సహా తొమ్మిది రాష్ట్రాలలో ఇట్టి ఉమ్మడి ఆస్తి పద్ధతి కలదు. ఆ రెండు రాష్ట్రాలలోనూ తెలుగువారు గణనీయంగా స్థిరపడినందున ఈ విషయం ఇక్కడి కుటుంబాలకూ అవసరమైనదే. కాలిఫోర్నియాలో వివాహకాలంలో సంపాదించినది సాధారణంగా ఇద్దరిదీ. అట్టి ఉమ్మడి ఇంటిని ఒక సంవత్సరానికి మించి లీజుకివ్వాలంటే అక్కడి కుటుంబ చట్టం 1102వ సెక్షన్ ప్రకారం భార్యాభర్తలు ఇద్దరూ సంతకం చేయాలి. అద్దెకు తీసుకునేటప్పుడు ఒక్కరు సంతకం చేసినా, ఆ అప్పుకు 910వ సెక్షన్ కింద ఉమ్మడి ఆస్తి సాధారణంగా బాధ్యత వహిస్తుంది. అనగా సంతకం చేయని భార్య సంపాదన కూడా భర్త అద్దె బాకీకి పోయే అవకాశం ఉన్నది. వారసత్వంగా వచ్చిన ఆస్తీ, దానిపై అద్దే కాలిఫోర్నియాలో ఆ వ్యక్తికే ప్రత్యేకం. టెక్సస్‌లోనైతే ప్రత్యేక ఆస్తిపై వివాహకాలంలో వచ్చే అద్దె ఉమ్మడి ఖాతాలోకి వస్తుంది.

షరీఅత్ ప్రకారం ఎవరి ఆస్తి వారిదిగా ఉండాలని కోరుకునే ముస్లిం దంపతులు అక్కడ ఏమీ చేయలేరని భావించనవసరం లేదు. పెళ్ళికి ముందు చట్టబద్ధంగా రాసుకున్న ఒడంబడికతో ఆస్తిని వేరుగా ఉంచుకొనే వీలు ఆ చట్టాలే కల్పించాయి. రాసుకోనివారికి మాత్రం ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది.

పాటించదగిన క్రమం

పై చర్చనంతా కొన్ని మాటలలో ఇలా క్రోడీకరించవచ్చు. సంతకానికి ముందు ఇల్లు ఎవరి పేర ఉన్నదో దస్తావేజు చూసి తెలుసుకోవాలి. ఇల్లు భార్యదైతే ఆమె సంతకం, లేదా ఆమె రాసి ఇచ్చిన అధికారం ఉండాలి. వారసులు పలువురైతే అందరూ సంతకం చేయాలి, లేదా ఒకరిని లిఖితపూర్వకంగా నియమించి, ఎవరి వాటా అద్దె ఎంతో అందులోనే రాయాలి. మైనరు ఉంటే అధికారం గల సంరక్షకుడు లేకుండా ముందుకు పోరాదు. అద్దెకు తీసుకునే ఇంట్లో భార్య పేరు చేర్చి, అద్దె బాధ్యత ఎవరిదో స్పష్టం చేయాలి. అడ్వాన్సు ఎవరి సొమ్మో, ఖాళీ చేసిననాడు ఎవరికి తిరిగి ఇవ్వాలో రాయాలి. అద్దె రసీదు యజమాని పేరనే ఇవ్వాలి.

తల్లి వాటా, చెల్లెలి వాటా, భార్య ఇల్లు అన్నవి అమానతులు. ఇతరుల ఆస్తిని అధర్మంగా తినరాదన్న ఖుర్ఆన్ ఆజ్ఞ పరాయివారి విషయంలోనే కాదు, ఒకే పళ్ళెంలో భోంచేసే వారి మధ్య కూడా వర్తిస్తుంది. అన్యాయమని ఎవరికీ తోచకుండానే ఇంట్లో హక్కులు పోయే మార్గాలలో కిరాయినామాపై తప్పు సంతకం ఒకటి. దానిని సరిదిద్దుటకు కావలసినది ఒక వాక్యం, హక్కుదారైన స్త్రీ సంతకం మాత్రమే.